బెరకు మొక్కలు

12 జూన్ 1966, ఆదివారం

వాన లేదు. మబ్బు వస్తోంది, కాసేపు నిలబడుతోంది, పోతోంది.

ఈ నోటుబుక్కు డిమాన్‌స్ట్రేషన్ ప్లాటు లెక్కలు రాసుకోమని ఆఫీసులో ఇచ్చింది. పోయిన ఏడాది నాలుగు పేజీలు రాసేసరికి లెక్కలు అయిపోయాయి, ఎందుకంటే చేను కూడా అక్కడికే అయిపోయింది. మిగతా పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. ఇంట్లో ఎవరితో నోరు విప్పినా గొడవే అవుతోంది. అందుకని దీంట్లో రాస్తున్నాను. ఇదైతే ఎదురు చెప్పదు.

పోయిన ఏడాది రెండెకరాల్లో సర్కారు హైబ్రిడ్ జొన్న వేశాను. గూళూరు హోబళి కింది ఊళ్ళన్నిటిలో మొదట వేసింది నేనే. ఎస్సెస్సెల్సీ చదివినవాణ్ణి, నేను వేయకపోతే ఎవరు వేస్తారని ఆఫీసువాళ్ళు అంటే పొంగిపోయాను. వాన ఆలస్యమైంది, విత్తడం ఆలస్యమైంది, ఈగ పడింది. ఈగ అంటే పెద్దదేమీ కాదు, గోరు మీద నాలుగు పడతాయి. మొక్క వారం రోజులదిగా ఉన్నప్పుడు ఆకు అడుగున గుడ్డు పెడుతుంది. పురుగు మొవ్వులోకి దిగి లోపల కోసేస్తుంది. నడిమి ఆకు ఎండిపోతుంది, పట్టి లాగితే చేతికొచ్చేస్తుంది. ఇంగ్లీషులో డెడ్ హార్ట్ అంటారు. పేరు మాత్రం బాగా పెట్టారు.

అయితే గట్టు పక్కన పన్నెండు సాళ్ళు నిలబడ్డాయి. విత్తే రోజు సర్కారు విత్తనం చాలకపోతే, గొర్రు తోలుతున్న బైరప్ప నన్ను అడక్కుండా ఇంటికి పోయి, అమ్మ దగ్గర జొన్నలు తెచ్చి, గొర్రు మీది జడ్డిగం గిన్నెలో మిగిలిన సర్కారు గింజ మీదే పోసేశాడు. ఆ పన్నెండు సాళ్ళలో రెండు రకాలూ కలిసి మొలిచాయి. అమ్మ జొన్నను ఈగ దాదాపు ముట్టలేదు. దాని మధ్యలో ఉన్న హైబ్రిడ్ కూడా, తక్కినచోట చచ్చినంతగా చావలేదు. చచ్చిన చోట ఖాళీని పక్కనున్న అమ్మ జొన్న కమ్మేసింది. మేము ఆ ఏడాది కోసుకున్న గింజంతా ఆ పన్నెండు సాళ్ళలోదే.

ఎక్స్‌టెన్షన్ ఆఫీసరు ఆదినారాయణప్ప వచ్చి చూసింది కూడా ఆ పన్నెండు సాళ్ళే. ఇరవైమంది ముందర నన్ను నిలబెట్టి, సర్కారు శుద్ధమైన బీజం ఇస్తే దాంట్లో ఇంటి కసువు కలుపుతావేమయ్యా, ఇది చేనా, చిత్రాన్నమా అని కడిగేశాడు. అమ్మ ఆయన కోసం మజ్జిగ చెంబు పట్టుకొని గట్టు మీదే నిలబడి ఉంది.

ఈ ఏడాది కావాలనే కలుపుతాను. బావి పక్కన మంచి ఎకరా ఉంది. అర ఎకరా ఒట్టి హైబ్రిడ్, అర ఎకరా సగం సగం. మొక్క మొక్కా లెక్కపెడతాను. తప్పయితే తప్పని నేనే రాస్తాను.

13 జూన్

అమ్మ ఇవ్వనంది.

నాకు ముందే తెలిసుండాల్సింది. చుట్టుపక్కల మా అమ్మ హనుమక్క ఇంటి జొన్న అంటే ఒక పేరు. విత్తనానికి ఎవరొచ్చినా కొలిచి ఇస్తుంది, పంటకు వాళ్ళు ఇంకో గుప్పెడు కలిపి తిరిగిస్తారు. కానీ తిరిగొచ్చింది ఏనాడూ విత్తనం కుండలో పోయదు, తినేదాంట్లో పోస్తుంది. కుండలోకి పోయేది తన చేతుల మీద పెరిగినదే. చేను మొలకగా ఉన్నప్పుడొకసారి, పూతలో ఒకసారి, కంకిలో ఒకసారి నడిచి, తన జొన్న కానిదాన్ని వేళ్ళతో సహా పీకేస్తుంది. ఆ పరాయి మొక్కలనే బెరకులంటారు. అమ్మ బంధువుల మొహాలు మరిచిపోతుంది గానీ బెరకును మరిచిపోదు. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ కలుపు తీయడం నేర్పింది అమ్మే. కలిసిన చేను చూస్తే అందరూ మొహం చిట్లిస్తారు, అంట్లు కడగని ఇల్లు చూసినట్టు.

ఈసారి కుండలో ఉన్నది ఆరు సేర్లు. కరువుకు మేము రేషన్ ఎర్ర జొన్న తింటున్నాం. అది ఉడికితే ఇల్లంతా ఒక వాసన. అయినా ఆ ఆరు సేర్ల మీద చెయ్యి పడనివ్వలేదు.

రెండు సేర్లు ఇవ్వమన్నాను. నా జొన్నను నీ సర్కారు జొన్నలో కలిపి బెరకు చేస్తావా నాయినా అంది. ఆ పొద్దు ఆ అయ్య కసువన్నెప్పుడు నువ్వు నోరు తెరవలేదు, ఈ పొద్దు కసువు యాల కావల్సొచ్చిందంది. ఈగ సంగతి చెప్పాను, లెక్కలు చెప్పాను. ఈగకు భయపడి ఇంటి విత్తనం చెడగొట్టుకుంటారా ఎవురన్నా అంది. నాకు ఒళ్ళు మండి, ఆ కుండకు పసుపు కుంకుమ పెట్టి పూజ చేసుకో పో అన్నాను.

అనకూడదు. అన్నాను.

14 జూన్

అమ్మ నాతో మాట్లాడ్డం లేదు. నేనూ మాట్లాడ్డం లేదు. మధ్యలో నా భార్య కెంపమ్మ చస్తోంది.

21 జూన్

పోయిన ఏడాది పన్నెండు సాళ్ళ లెక్కలన్నీ ఇంగ్లీషులో రాసి బెంగళూరుకు కవరు పంపాను. అక్కడ జొన్న మీద పనిచేసే ఒక సార్ ఉన్నాడని పేపర్లో చూశాను. మూడుసార్లు చింపి రాశాను. రెసిస్టెంట్ అనే మాటకు స్పెల్లింగు ఇప్పటికీ అనుమానమే.

4 జూలై

నిన్న సాయంత్రం కురిసింది. జానెడు పదును. ఈ రోజు విత్తాం.

పొద్దున తలుపు తీస్తే గడప దగ్గర బుట్ట, బుట్టలో రెండు సేర్ల జొన్న. అమ్మ పశువుల దగ్గర ఉంది, ఇటు తిరగలేదు. ఏమిటిదని కెంపమ్మను అడిగితే, విత్తనం అడిగినోళ్ళకు లేదనగూడదంట, ఇంట్లోవాడైనా సరేనంట, అత్త చెప్పమనింది అంది.

గోనె పరిచి నా చేతులతోనే కలిపాను. పక్కపక్కన పెట్టి చూస్తే గింజల్లో పెద్ద తేడా లేదు. అయినా అమ్మ అటు చూడలేక చెలకకు వెళ్ళిపోయింది. తన రెండు సేర్లు అక్కడ దిగువన గరుగు నేలలో విత్తించుకుంది. రెండు సేర్లు దాచుకుంది. అమ్మ ప్రతి ఏడూ విత్తనానికి వేసేది బావి పక్క ఎకరాలోనే. ఈసారి దాన్ని నేను తీసుకున్నాను. ఎవరూ ఆ మాట అనలేదు, నేను కూడా అనలేదు.

నెల ఆలస్యం. ఈగ తప్పదు.

11 జూలై

మొలిచింది. ఒట్టి హైబ్రిడ్ ఎంత బాగుందంటే చూస్తే జాలేస్తోంది.

18 జూలై

పద్నాలుగు రోజులుగా సరైన వాన లేదు. దిగువ చెలకలో అమ్మ విత్తింది మొలిచినట్టే మొలిచి మాడిపోయింది. పదిహేనో తేదీ తుంపర పడితే మిగిలిన రెండు సేర్లు కూడా తీసి విత్తేసిందట. బైరప్ప చెప్పాడు. రోజూ తెల్లారేసరికి పోయి సాల్లో వేలు పెట్టి గీకి, గింజ పగిలిందా లేదా అని చూస్తాంది మీయమ్మ, సగం చీమలు ఎత్తకపోయినాయి అన్నాడు. ఒకసారి నువ్వే పలకరించు నారాయణప్పా, పెద్దామె గదా అని నాకు బుద్ధి చెప్పాడు.

లెక్క చెప్పక్కర్లేదు. ఆరు సేర్లలో నాలుగు మట్టిలో పోయాయి. ఇక అమ్మ జొన్న అనేది భూమ్మీద ఉంటే నా అర ఎకరాలో ఉంది, నా హైబ్రిడ్ పక్కన. అక్కడి కంకులే రేపు విత్తనం. పూతకు ముందే హైబ్రిడ్ అంతా పశువుల మేతకు కోసేస్తే పుప్పొడి కలవదు, అమ్మ విత్తనం అమ్మకు దక్కుతుంది. నా లెక్కకు కావలసింది ఆ లోపలే దొరికిపోతుంది. ఈ మాట చెప్పాలి.

ముందు ఆమె మాట్లాడితే చెబుతాను.

25 జూలై

మూడు రోజులు ఎండలో వంగి లెక్కపెట్టాను. నడుము లేదు.

ఒట్టి హైబ్రిడ్: నూటికి అరవై మూడు డెడ్ హార్ట్. కలిపిన దాంట్లో హైబ్రిడ్: ముప్పై ఎనిమిది. కలిపిన దాంట్లో అమ్మది: తొమ్మిది.

రెండోసారి వేరే చోట్ల లెక్కపెట్టాను. అటూ ఇటూ రెండు మూడు తేడా, అంతే.

కాగితం పట్టుకొని బాగేపల్లికి పోయాను. ఆదినారాయణప్ప కాగితాన్ని తిప్పి వెనక కూడా చూశాడు, వెనక ఏమీ లేదు. మందు చల్లు అన్నాడు. చల్లడానికి మిషన్ ఏది అన్నాను. మిషన్ చింతామణికి పోయింది, వస్తుంది అన్నాడు. మరి ఈ కలిపిన ప్లాటు సంగతి రిపోర్టులో రాయండి సార్ అంటే, రాయడానికి దానికి కాలమ్ లేదప్పా, శుద్ధ బీజం వేసినారా, అవును, కాదు, అంతే ఉండాది అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. కాఫీ కూడా ఇప్పించాడు. కానీ కాలమ్ లేదు.

ఇంటికొచ్చి కెంపమ్మకు చెప్పాను. అరవై మూడు ఎక్కడ, ముప్పై ఎనిమిది ఎక్కడ అని. మంచిదే అంది. ముద్ద చల్లారిపోతాంది అంది.

ఈ ఊళ్ళో ఈ లెక్క అర్థమయ్యే మనిషి ఒక్కరే ఉన్నారు. ఆమెతో నాకు మాటల్లేవు.

29 జూలై

కార్డు వచ్చింది. బెంగళూరు నుంచి.

మూడో తేదీ వేరే పని మీద చిక్కబళ్ళాపురానికి వస్తాడట. నాలుగో తేదీ మా ఊరికి వస్తాడట, టు సీ యువర్ మిక్స్‌డ్ ప్లాట్. పదకొండుసార్లు చదివాను. పన్నెండోసారి చదువుతుంటే కెంపమ్మ లాక్కొని గోడకున్న మాడం గూట్లో పెట్టేసింది.

బెంగళూరు నుంచి పెద్ద సార్ నా జొన్న చేను చూడ్డానికి వస్తాడని అమ్మకు చెప్పమన్నాను. అంతే చెప్పాను. ఏం చూడ్డానికో చెప్పలేదు. ఆయన నోటితోనే చెప్పిస్తాను. అమ్మా, ఈ చేను నిలబెట్టింది మీ జొన్న అని, కసువన్న చోటే, ఆ ఇరవైమంది ముందరే. అప్పుడు ఆమె మొహం చూడాలి.

3 ఆగస్టు, చిక్కబళ్ళాపురం, మధ్యాహ్నం

బస్టాండులో కూర్చొని రాస్తున్నాను. గూళూరు దాకా నడక, బాగేపల్లిలో బస్సు చెడి మూడు గంటలు. సార్ సాయంత్రానికి వస్తాడట. తలకు నూనె కాస్త ఎక్కువైంది, చొక్కా కాలరుకు అంటింది.

5 ఆగస్టు, శుక్రవారం

రాయాలో వద్దో తెలియడం లేదు. రాస్తాను.

సార్ నా కంటే చిన్నవాడు. సన్నగా ఉన్నాడు, కన్నడంలోనే మాట్లాడాడు, నా కాగితాలన్నీ ఫైల్లో పెట్టి తెచ్చుకున్నాడు. నేను రాసిన అంకెల కింద ఎర్ర పెన్సిలు గీతలు ఉన్నాయి. నిన్న బస్సులో బాగేపల్లి దాకా నేనే మాట్లాడాను. గూళూరు నుంచి నడిచేటప్పుడు కూడా నేనే మాట్లాడాను. రెండు రకాలు కలిపితే ఈగ అయోమయంలో పడుతుందా, లేక మెత్తటిదాని మీదే పడి రెండోదాన్ని వదిలేస్తుందా, అది తేలాలి అన్నాడు. తేలుతుంది సార్, రెండు రకాలూ ఇంకా నిలబడే ఉన్నాయి, మీరే లెక్కపెట్టుకోవచ్చు అన్నాను. ఇలా రైతు పొలంలో దొరకడం అదృష్టం అన్నాడు. నా జీవితంలో అంత పొడుగ్గా నేనెప్పుడూ నడవలేదు.

గట్టు ఎక్కేసరికి అమ్మ మజ్జిగ చెంబు పట్టుకొని నిలబడి ఉంది. ఉతికిన చీర కట్టింది. పక్కన ఆరుగురు ఆడవాళ్ళు, కాళ్ళు కడుక్కొని, వక్కాకు నములుతూ. అమ్మ దాదాపు రెండు నెలల తర్వాత నా మొహంలోకి నేరుగా చూసింది. సంతోషంగా చూసింది. నాకు అప్పుడే ఏదో తేడా అనిపించాలి. అనిపించలేదు.

చేను వైపు తిరిగాను.

అర ఎకరాలో అమ్మ జొన్న ఒక్క మొక్క లేదు. ఒక్కటి లేదు. పొట్టి హైబ్రిడ్ అక్కడొకటి, అక్కడొకటి. మధ్యలో గుర్రం పొర్లాడేంత ఖాళీ. దున్నిన నేలలాగా ఎర్రగా, శుభ్రంగా ఉంది. గట్టవతల పీకేసిన మొక్కలు కుప్పగా ఉన్నాయి, ఎద్దులు తింటున్నాయి.

సార్ ఫైలు తెరిచి నా అంకెలు చూశాడు, మళ్ళీ చేను చూశాడు. తర్వాత మెల్లగా, లోకల్ వెరైటీ ఎల్లప్పా, అంటే ఇంటి రకం ఎక్కడా అని కన్నడంలో అడిగాడు. నేను ఎద్దుల వైపు చూపించాను.

ఆయన నొచ్చుకున్నా బయటపడలేదు. మజ్జిగ తాగాడు, అమ్మకు నమస్కారం పెట్టాడు. వచ్చే ఏడు మళ్ళీ వేయండి, రాయండి అన్నాడు. ఏం వేయాలో ఆయనకు తెలియదు. మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయాడు. ఎర్ర గీతల ఫైలు చంకలో పెట్టుకొని మా గట్టు దిగుతుంటే చూస్తూ నిలబడ్డాను.

తర్వాత అరిచాను. ఏమేం అరిచానో రాయను. ఆడవాళ్ళు ఆరుగురూ కొంగులు సర్దుకొని జారుకున్నారు. అమ్మ ఖాళీ మజ్జిగ చెంబు పట్టుకొని గట్టు మీదే ఉంది. నీకు తెలియదా, నీ దిగువ చెలక మాడిపోయాక నీ జొన్న ఉన్నది ఇక్కడేనని తెలియదా అని అడిగాను. తెలుసు అంది.

తెలుసట.

ఎద్దుల మూతి దగ్గర నుంచి కుప్ప లాక్కొని ఏరాను. వేరు బాగున్నవి నలభై రెండు దొరికాయి. సాళ్ళలో గుంతలు తీసి నాటడం మొదలుపెట్టాను. బావిలో నీళ్ళు మోకాలి లోతున ఉన్నాయి. కాసేపటికి చూస్తే అమ్మ కడవతో నీళ్ళు తెచ్చి ఒక్కో మొదట్లో పోస్తోంది. పొద్దు గుంకేదాకా నాటాం.

8 ఆగస్టు

నలభై రెండూ చచ్చిపోయాయి.

9 ఆగస్టు

కెంపమ్మ ఈ రోజు మొత్తం చెప్పింది. నేను అడగలేదు, నేను తింటుంటే తనే చెప్పింది.

నేను చిక్కబళ్ళాపురానికి పోయిన రోజే అమ్మ ఆడవాళ్ళను పిలిపించిందట. పోయినేడు ఆ ఆఫీసరయ్య నా బిడ్డను ఇరవైమందిలో నిలబెట్టి మాట్లాడినాడు, ఈసారి వచ్చేది ఇంకా పెద్దాయన, బెరకుల చేను చూపిచ్చి నా బిడ్డ తల దించుకోవల్లనా అందట. అత్తా, ఆయన రానీ, అడిగి చేద్దాము అని కెంపమ్మ చెప్పి చూసిందట. వాడు నాతో మాట్లాడతాండాడా అడగనీకి అందట. ఇట్లాటివి అడిగి చేసేది కాదమ్మే, చూసి చేసేది అందట.

ఆ చేనులో బెరకు ఏదో నిర్ణయించింది కూడా అమ్మే. సగం హైబ్రిడ్, సగం ఇంటి జొన్న ఉంటే, ఏది పరాయిదని ఆడవాళ్ళు అడిగారట. వాళ్ళు ఎప్పుడూ హనుమక్క జొన్న వదిలి తక్కినవి పీకేవాళ్ళే. అమ్మ కాసేపు నిలబడి, ఈ చేను వాడిది, వాడి జొన్న సర్కారుది, ఈడ నాది బెరకు అందట. మొదటి మొక్క తనే పీకిందట.

పెళ్ళై వచ్చిన నాటి నుంచి అమ్మ కాపాడిన విత్తనం. మా తిండికి కూడా ఇవ్వని విత్తనం. నా పరువు కోసం ఒక పూటలో పీకి ఎద్దులకు వేసింది. ఆ పరువేమో ఆ మొక్కలు నిలబడి ఉంటేనే దక్కేది. ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. సార్ ఏం చూడ్డానికి వస్తున్నాడో ఒక్క మాట. నాకేమో ఆమె మొహం చూడాలని సరదా.

ముద్ద సగంలోనే వదిలేసి చెయ్యి కడుక్కున్నాను.

10 ఆగస్టు

అమ్మ దగ్గరికి పోయి చెప్పాను. అరవై మూడు, ముప్పై ఎనిమిది, తొమ్మిది. ఆ సార్ నీ జొన్న కోసమే వచ్చాడని చెప్పాను. అమ్మ చాట పక్కన పెట్టింది. తర్వాత, నా దాంట్లో కూడా తొమ్మిది చచ్చినాయా అంది.

మళ్ళీ కాసేపటికి, యాడికి పోతాదిలే నాయినా, పది ఊర్లలో ఇచ్చినాను గదా, అడిగితే ఎవురో ఒకరు ఇస్తారు అంది. అమ్మ ఇన్నేళ్ళలో ఎవరినీ విత్తనం అడగలేదు. నేను పోతానన్నాను.

28 ఆగస్టు

ఏడు ఊళ్ళు తిరిగాను. లేదు.

గూళూరులో రామాంజినప్ప ఇంట్లో కుండ బోర్లించి చూపించారు. పై ఊళ్ళో అక్కయమ్మ ఏడ్చినంత పని చేసింది. ఈ కరువులో విత్తనం గూడా దంచుకొని తిన్నాము నారాయణప్పా అంది. హనుమక్క ఇంట్లో ఉండాది గదా, యానాడు పోయినా ఇస్తాది గదా అనే ధైర్నంతో తిన్నాము అంది.

ప్రతి ఇంట్లో ఇదే మాట. ఉంది కదా అని తిన్నారు. కొందరు హైబ్రిడ్‌కు మారారు, నేను వేశానని. నువ్వు చదువుకున్నోడివి, నువ్వే మారినాక మాకేముండాది అన్నారు. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అమ్మకు అక్కయమ్మ అన్న మాట చెప్పలేదు. ఆమే అడిగి చెప్పించుకుంది. విని, పాపం పిల్లోళ్ళు గలిగిన ఇల్లు, తిననీలే అంది.

11 సెప్టెంబరు

ఇంకో నాలుగు ఊళ్ళు. లేదు. చెప్పులు తెగాయి.

25 సెప్టెంబరు

మందు చల్లే మిషన్ వచ్చింది. చేనులో చల్లడానికి ఏమీ లేదు.

30 అక్టోబరు

కోత. ఒట్టి హైబ్రిడ్ అర ఎకరా, కలిపి పీకేసిన అర ఎకరా, రెండూ ఒక్క బండిలో పట్టాయి, బండి నిండలేదు. ఆదినారాయణప్ప వచ్చి రిపోర్టు నింపాడు. శుద్ధ బీజం అనే కాలమ్‌లో అవును అని రాశాడు. సంతకం పెట్టమంటే పెట్టాను. వాదించడానికి నాలో ఏమీ మిగల్లేదు.

13 నవంబరు, ఆదివారం, నాగరగెరె

కెంపమ్మ పుట్టింటికి వచ్చాం. విత్తనం కోసం కాదు, ఆమె తమ్ముడి నిశ్చితార్థం. మామ పాపన్న పశువుల పాకలో చూరుకు ఆరు కంకులు వేలాడుతున్నాయి. అవేంటి మామా అంటే, మీ పెండ్లికి వచ్చినప్పుడు మీయమ్మ ఇచ్చిన జొన్నప్పా, గట్టెంబడి ఒక సాలు వేస్తాంటాము, గొడ్లకు చొప్ప బాగుంటాదని అన్నాడు. కట్లు విప్పి ఆరు కంకులూ చేతిలోకి తీసుకున్నాను.

తర్వాత చూస్తే, వాళ్ళ గట్టు అవతల పక్కింటి చేను. రెండేళ్ళుగా హైబ్రిడ్. పుప్పొడికి గట్టు ఏపాటిది.

15 నవంబరు

అమ్మ కంకులు చేతిలోకి తీసుకొని ఒక్కొక్కటే తిప్పి చూసింది. మూడింటిని పక్కన పెట్టేసింది. తక్కిన మూడూ నావే, కానీ కడుపులో ఏముండాదో విత్తితే గానీ తెలీదంది. మూడేళ్ళు ఏరల్లంది. తన వయసు ఎంతో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

విత్తాక ఎలా గుర్తుపడతావని అడిగాను. చూస్తే తెలుస్తాదంది. నాకెలా తెలుస్తుందన్నాను. ముప్పై రెండేళ్ళు ఆ జొన్న తిని పెరిగినవాణ్ణి, నాకు దాన్ని మొలకలో గుర్తుపట్టడం రాదు. ఈ ఏడు లెక్కపెట్టినప్పుడు కూడా కాడ ఎరుపు ఒక్కటే చూసి లెక్కపెట్టాను. చెప్పు, రాసుకుంటానన్నాను. అమ్మ నవ్వింది. ఇట్లాంటిది గూడా రాస్తారా ఎవురన్నా అంది.

20 నవంబరు. అమ్మ చెప్పింది చెప్పినట్టు.

మొలక మూడాకులప్పుడు కాడ మొదట్లో ఎరుపు. కొన్ని బెరకులకు గూడా ఉంటాది, దాన్ని నమ్మొద్దు.

ఆకు నిలబడతాది, వాలదు. నడిమి ఈనె తెల్లగుంటాది.

ఆకు అడుగున వేలు పెట్టి పైకి దువ్వు. గరుగ్గా ఉంటే నాది. నున్నగుంటే పరాయిది. ఈగ నున్నటిదాని మీదే కూర్చుంటాది, గరుకుదాని మీద దానికి కాలు నిలవదు. కండ్లతో చూసేది కాదు ఇది.

విత్తనానికి పెట్టుకునే మడిలో నున్నటిది ఒక్కటి గూడా వదలొద్దు.

తినే చేనులో మాత్రం నున్నటివి అన్నీ పీకొద్దు నాయినా. నూటికి ఇరవై వదులు. ఈగ గూడా ఏమన్నా తినల్ల గదా.